రోగి మంచముచెంత ఒక్కమాట



నర్సు విద్య నభ్యసింపగోరు మన పిల్లలకు సూది వేయుట, కట్టు కట్టుట వచ్చినంత మాత్రమున చాలదు. వైద్యుడు, నర్సు, మందులిచ్చువారు ఒకరి మాట నొకరు వినకున్నచో నష్టపోవువాడు రోగియే. కలిసి పనిచేయుటయు నేర్వవలసిన విద్యయే.

మనకు చేరువనున్న వేలూరులో డాక్టరు ఐడా స్కడ్డరు 1909లో నర్సుల పాఠశాలను, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను స్థాపించిరి. రెండు విద్యలును ఒకే ఆసుపత్రి నీడను పెరిగినవి. వేర్వేరు వృత్తులవారు కలిసి నేర్చుకొనవలెనని 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు బోధించెను.

దీని ఫలమేమందురా? శస్త్రచికిత్సకు ముందు రోగి పేరును, చేయబోవు పనిని అందరును పైకి చెప్పి సరిచూచుకొను జాబితా నొకదానిని ఢిల్లీతో సహా ఎనిమిది నగరముల ఆసుపత్రులలో ప్రవేశపెట్టిరి. మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో ప్రకటించిరి.

1960లో మద్రాసు రాష్ట్రమున చేరిన తిరుత్తణిలోను, తిరువళ్ళూరులోను మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకుచు పెరుగుచున్నారు. తెలుగు తప్ప మరి యెరుగని అవ్వ బాధను తమిళ వైద్యునికి తెలుపగలవారు వీరే. అయితే భాష యున్న చాలదు, ధైర్యమును వలయును. మందు మోతాదుపై సందేహము కలిగినపుడు, "అయ్యా, మరియొకసారి చూడుడు" అని వినయముతో పలుకగలుగవలెను.

ఆ ధైర్యమునకు మొదటి బడి మన యిల్లే. మర్యాదగా ప్రశ్నించు బిడ్డను, "చిన్నదానవు, నోరు మూసికొనుము" అని గదమకుడు. ఆ నోరే రేపొక ప్రాణమును కాపాడవచ్చును.