రొట్టెల లెక్కలో నా కూలి ఎక్కడ?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగం)



నన్ను మాట్లాడమని చెప్పినప్పుడు సీసీ మేడం "నీ విజయగాథ చెప్పు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నేను మూడు కిస్తులు తప్పినదాన్ని. ఆ మూడు కిస్తులు మా సంఘం వాళ్లు తమ పొదుపులోంచి కట్టారు. వాళ్లలో నలుగురు ఇక్కడే మూడో వరుసలో కూర్చున్నారు. వాళ్ల ముందు నేను విజయగాథ చెబితే ఊరుకుంటారా? అందుకని ఎక్కడ తప్పిందో అదే చెబుతాను.

నాది జొన్న రొట్టెల వ్యాపారం. కరీంనగర్ పోయే రోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాం. సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే రాత్రి తొమ్మిది దాకా. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లు చాలామంది రాత్రిపూట అన్నం మానేసి రొట్టె తింటున్నారు కదా, గిరాకికి లోటు లేదు. సంఘం ద్వారా 50 వేలు అప్పు తీసుకున్నాను. రెండు పొయ్యిలు, రెండు పెంకలు, బల్ల, రేకులు, షెడ్డుకు అడ్వాన్సు, మొదటి జొన్నలు. నెలకు 2,400 కిస్తు.

మీ అందరికీ తెలిసిన పనే, అయినా చెబుతాను, ఎందుకంటే నా లెక్క తప్పింది ఇక్కడే. గోధుమపిండిలా జొన్నపిండికి సాగే గుణం ఉండదు. పొద్దున ముద్ద కలిపి పెట్టుకుని సాయంత్రం చేద్దామంటే కుదరదు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే పిసికి, ఆ వేడి మీదనే తట్టాలి. ఆరితే అంచులు పగులుతాయి. పిండి పాతబడితే జిగట పోతుంది, అందుకని మూడు నాలుగు రోజులకోసారి గిర్నికి పోవాల్సిందే. ఒకరు తడుతుంటే ఒకరు కాల్చాలి. అంటే జొన్న రొట్టెలో జొన్నల ఖర్చు తక్కువ, చేతుల ఖర్చు ఎక్కువ. గిరాకులు కొనేది మన చేతులనే. నేను మాత్రం జొన్నలకే లెక్క కట్టాను.

నా మొదటి లెక్క ఇది. కిలో జొన్నలు 48 రూపాయలు, గిర్ని 6, కలిపి 54. కిలోకు 12 రొట్టెలు అవుతాయి, అంటే రొట్టెకు నాలుగున్నర. గ్యాసు రూపాయిన్నర. కాగితం, కవరు, పక్కన వేసే కారం కలిపి రూపాయి. మొత్తం 7 రూపాయలు. అమ్మేది 12కు. రొట్టెకు 5 మిగులుతుంది, రోజుకు 120 రొట్టెలు, 600 రూపాయలు. నెలకు 18 వేలు! సంఘం మీటింగులో చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గ్యాసు కూడా ఇంటి సిలిండరు కాదు, 19 కిలోల వ్యాపారం సిలిండరే వాడాను. ఇంటి సిలిండరుతో చేస్తే ఇంకా మిగులుతుందని చాలామంది చెప్పారు. పట్టుకుంటే సిలిండరూ పోతుంది, కేసూ అవుతుంది.

అయితే నెలకు 18 వేలు మిగలాల్సినదానికి ఆరో నెలలో కిస్తుకు 2,400 ఎందుకు లేవు?

మొదట స్కానర్ సంగతి. షెడ్డు తెరిచిన రోజే స్కానర్ అతికించాం, పైసలు వచ్చాయని చెప్పే డబ్బా కూడా పెట్టుకున్నాం. అది ప్రతిసారీ గట్టిగా చెబుతుంటే నాకు సంబరంగా ఉండేది. ఆ స్కానర్ మా ఆయన ఖాతాది. అప్పటికి ఫోను నంబరుకు కలిపిన ఖాతా ఇంట్లో అదొక్కటే. సగం గిరాకి ఫోన్లలోనే కడుతుంది. ఆ ఖాతాలోంచి 5వ తారీఖున బండి ఫైనాన్స్ కిస్తు దానంతట అదే కట్ అయ్యేది. ఎరువుల షాపుకూ అందులోంచే, పెళ్లిళ్ల కట్నాలకూ అందులోంచే. మా ఆయన దొంగతనం చేయలేదు. ఖాతాలో పైసలున్నాయి, వాడాడు. అవి నా జొన్నల పైసలని ఖాతా మీద రాసి ఉండదు కదా!

తర్వాత బోరు మోటారు కాలింది. పొట్టకొచ్చిన వరి. రెండు రోజులు నీళ్లు లేకపోతే పోతుంది. నా గల్లాలో 6 వేలు ఉన్నాయి, జొన్నలకు పెట్టుకున్నవి. మా ఆయన వచ్చి నిలబడ్డాడు. "పొలం ఎండుతుంటే నువ్వు పైసలు దాస్తవా?" అన్నాడు. మీరైతే ఏం చేస్తారు? ఇచ్చాను. ఇయ్యకుండా ఉండాల్సిందని ఈరోజుకీ అనను. ఆ 6 వేలు సంఘంలో చిన్న అప్పుగా తీసుకుని ఇవ్వాల్సింది. అంతర్గత అప్పులు ఉన్నవి అందుకే కదా. మళ్లీ అడిగితే ఏమనుకుంటారోనని సిగ్గుపడ్డాను.

సిగ్గుపడి ఎక్కడికి పోయానంటే గిరిగిరి దగ్గరికి. 10 వేలు రాసుకుని చేతికి 9 వేలు ఇచ్చారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలేగా మిత్తి, వందకు పది అనుకున్నాను. అది మోసపు లెక్క అక్కా. మొదటి రోజు నుంచే అసలు తిరిగి ఇస్తూ పోతాం, 9 వేలు మన దగ్గర వంద రోజులు ఉండవు. సగటున చూస్తే నాలుగున్నర వేలే ఉంటాయి. నాలుగున్నర వేలకు మూడు నెలల చిల్లరలో వెయ్యి మిత్తి అంటే నెలకు వందకు ఆరు రూపాయలకు పైనే. మన సంఘంలో వందకు రూపాయి. ఇది మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఉద్దెర గురించి ఎక్కువ చెప్పను, అందరికీ ఉన్న బాధే. బయటి వాళ్ల ఉద్దెర ఎలాగో వసూలవుతుంది. వదిన, తోడికోడలు, మరిది స్నేహితులు, వీళ్లది కాదు. ఒక మెస్ వాళ్లు మాత్రం గట్టిగా దెబ్బ కొట్టారు. రోజుకు 40 రొట్టెలు, 10 రూపాయల చొప్పున, నెలాఖరుకు పైసలు అన్నారు. పెద్ద గిరాకి వచ్చిందని రేటు తగ్గించి మరీ ఒప్పుకున్నాను. మొదటి నెల సగమే ఇచ్చారు, రెండో నెల ఏమీ ఇవ్వలేదు, మూడో నెల ఫోను ఎత్తలేదు. 18 వేలు పోయాయి. కాగితం మీద ఒక్క సంతకం కూడా తీసుకోలేదు నేను.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు సంగతి మా అమ్మాయిది.

అది అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి మూడున్నరకు వచ్చి, బ్యాగు పెట్టి, నాతో షెడ్డుకు వచ్చేది. నేను తడితే అది కాల్చేది. తొమ్మిదిన్నరకు ఇంటికి చేరి, తిని, పుస్తకం పట్టుకుని కూర్చుంటే పది నిమిషాల్లో నిద్రపోయేది. లేపడానికి నాకు మనసు వచ్చేది కాదు. పిల్ల అలిసిపోయిందనుకున్నాను గాని ఎవరి పనిలో అలిసిందో అనుకోలేదు. ఫలితాలు వచ్చాయి. ఫిజిక్స్‌లో ఫెయిలైంది. పదో తరగతి దాకా బడిలో ముందున్న పిల్ల.

నేను తిట్టాను. దాచుకోను, బాగా తిట్టాను. అది ఏమీ అనలేదు. మర్నాడు నోటుబుక్కు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. రాత్రంతా కూర్చుని షెడ్డు లెక్క రాసింది. రోజుకు 600 అని నేను చెప్పేదే పైన రాసింది. షెడ్డు కిరాయి నెలకు 1,800, రోజుకు 60 తీసేసింది. మిగిలిపోయి ఇంటికి తెచ్చుకునే రొట్టెలు రోజుకు ఏడు, వాటి అమ్మకం ధర 84 తీసేసింది. 456 మిగిలింది. దాని కింద "అమ్మ కూలి, పూటకు 250" అని రాసింది. ఇంకా కింద "నా కూలి, పూటకు 250" అని రాసింది. మా ఊళ్లో పొలం పనికి పోతే ఇచ్చేదే అది. 456లోంచి 500 పోతే 44 రూపాయలు లోటు. కిస్తు కట్టకముందే!

"అమ్మా, నీ షాపు రోజుకు 44 రూపాయలు నష్టపోతున్నది. ఆ నష్టం నేను కడుతున్న" అంది.

చాలాసేపు నాకు మాట రాలేదు. నేను లాభం అనుకున్నదంతా ఇద్దరు ఆడవాళ్ల కూలి. అందులో ఒకరిది నేను ఇవ్వనే లేదు. నా కూలి నేను తీసుకోకపోతే అది నా ఖర్మ అనుకోవచ్చు, దానిది ఎట్లా తీసుకున్నాను? బయటి మనిషిని పెట్టుకుంటే ఒక్క రోజు కూలి ఆపేదాన్నా? ఇంటి పిల్ల కాబట్టి లెక్కలోకి రాలేదు. కుటుంబ వ్యాపారం అని ముద్దుగా అంటాం గాని, చాలా ఇళ్లలో అది కూలి ఇవ్వని వ్యాపారమే. కోడళ్లను అడగండి, చెబుతారు.

ఆ వారమే అమ్మాయిని షెడ్డు మాన్పించాను. రెండు వారాలు షెడ్డు మూసేసి ఉంచాను. అందుకే మూడో కిస్తు కూడా పోయింది. సంఘం మీటింగులో ఈ నోటుబుక్కు చూపించాను. తిడతారనుకున్నాను. ఒకరిద్దరు తిట్టారు కూడా, సబబే. కానీ మిగతావాళ్లు కూర్చుని లెక్క సరిచేశారు.

ఇప్పుడు ఎట్లా నడుస్తోందో చెబుతాను. రొట్టె 15 చేశాను. చేసిన మొదటి నెల 120 నుంచి 90కి పడిపోయింది, గుండె జారిపోయింది. ఇప్పుడు 105 దగ్గర నిలిచింది. రోజూ వచ్చేవాళ్లు మధ్యాహ్నం రెండింటి లోపల ఫోనులో ఎన్ని కావాలో చెబుతారు, కాబట్టి మిగిలేవి రెండే. మా సంఘం సభ్యురాలే ఒకామె పూటకు 250కి కాల్చడానికి వస్తుంది. రొట్టెకు 8 చొప్పున 840, మిగిలిన రొట్టెలకు 30, కిరాయికి 60, ఆమెకు 250 పోతే 500. అందులో 300 నా కూలి. పొద్దున జొన్నలు చెరిగేది, గిర్నికి పోయేది కూడా నేనే కాబట్టి నాకు 50 ఎక్కువ రాసుకున్నాను, ఎవరూ కాదనలేదు. 80 కిస్తుకు పక్కన పెడతాను. ఇక మిగిలిన 120 షాపుది. అది నాది కాదు, మా ఆయనది కాదు. షాపుది.

పిండి కూడా అమ్ముతున్నాను. కిలో ప్యాకెట్ 80. పిండికి 54, కవరుకు 3 పోతే 23 మిగులుతుంది, చెయ్యి కాల్చుకోకుండా. ప్యాకెట్ అమ్మాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నారు. ఒక ఏజెంటు 2,500 అడిగాడు. మా అమ్మాయి ఫోనులో చూసి తనే దరఖాస్తు పెట్టింది. నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మేవాళ్లకు బేసిక్ రిజిస్ట్రేషన్, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. 14 అంకెల నంబరు వచ్చింది. ఏజెంటుకు ఇచ్చేముందు పిల్లల్ని అడగండి.

స్కానర్ ఇప్పుడు నా ఖాతాది. దాని గురించి ఇంట్లో నాలుగు రోజులు మాటల్లేవు. "నన్ను నమ్మవా?" అన్నాడు మా ఆయన. నిన్ను నమ్ముతా, బండి ఫైనాన్స్ వాళ్లను నమ్మనన్నాను. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. జొన్నల బస్తాలు మాత్రం ఆయనే మోసుకొస్తాడు. యాసంగి కోతలప్పుడు రైతుల దగ్గర నేరుగా కొంటే కిలోకు ఏడెనిమిది రూపాయలు తక్కువ పడుతుంది, ఈసారి రెండు క్వింటాళ్లు కొనాలని షాపు 120లోంచి పోగుచేస్తున్నాను. వానలు పడి గిరాకి లేని వారం వస్తే మళ్లీ వెనక్కి పోతుంది.

అమ్మాయి సప్లిమెంటరీలో పాసై డిగ్రీలో చేరింది. ఆదివారాలు వస్తానంటే రానిస్తాను, వచ్చిన రోజు 250 చేతిలో పెడతాను.

సమాఖ్యను ఒకటి అడగాలని వచ్చాను. మన పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం ఉంది. సంఘం పుస్తకం ప్రతి మీటింగులో రాయిస్తాం, ఒక్క రూపాయి తేడా వస్తే గంట కూర్చుంటాం. కానీ ఆ సంఘంలో అప్పు తీసుకున్న మనిషి తన షాపు లెక్క ఎక్కడైనా రాస్తోందా అని ఎవరమూ అడగం. కిస్తు కట్టిందా లేదా, అంతే. నేను గిరిగిరి తెచ్చి మరీ మూడు కిస్తులు కట్టాను, అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. వ్యాపారానికి అప్పు ఇచ్చేటప్పుడు అందులో ఎవరెవరు పని చేస్తారు, వాళ్ల కూలి ఎంత అని ఒక గడి దరఖాస్తులో పెట్టండి. బడికో కాలేజీకో పోయే పిల్ల పేరు ఆ గడిలో కనిపిస్తే గ్రామ సంఘం ఆగి అడగాలి. ఇంట్లో ఆపద వస్తే షాపు గల్లా ముట్టకుండా అదే వారం చిన్న అప్పు దొరికేటట్టు కొంత సొమ్ము విడిగా ఉంచండి.

నా లెక్క పుస్తకం తెచ్చాను. భోజనాల దగ్గర చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు. ఉద్దెర పేజీలకు మాత్రం పిన్ను కొట్టి ఉంచాను, ఈ హాల్లో ఉన్నవాళ్ల పేర్లు కూడా ఉన్నాయందులో.