అమెరికాలో చదివే మన పిల్లల పే స్లిప్

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ జీతాల విభాగంలో పనిచేస్తున్నాను. హుస్నాబాద్ నుంచి ఎఫ్-1 వీసాపై వచ్చే పిల్లల కోసం నాలుగు మాటలు చెబుతాను.

క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. జీతంలో ఆదాయపు పన్ను పట్టుకుంటారు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం మాత్రం సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు కట్ కాకూడదు. కట్ అయితే జీతాల ఆఫీసును వాపసు అడగాలి.

భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తుంది. ఏప్రిల్ 15లోగా 1040-ఎన్ఆర్, 8843 ఫారాలు పంపితే, ఎక్కువ పట్టుకున్న పన్ను తిరిగొస్తుంది.

అనుమతి లేకుండా బయట పనికి పోతే చదువే ఆగిపోవచ్చు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులారా, ఈసారి ఫోన్ చేసినప్పుడు పే స్లిప్ చూసుకోమని చెప్పండి. సెలవు.