గోడమీద వెలసిన దైవం – ఆలయ చిత్రకారుల కళాసాధన

(పునఃప్రతిష్ఠా మహోత్సవాలలో భాగంగా ఆలయ ప్రాంగణంలో జరిగిన విద్వత్సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం నేను గోపురద్వారం దాటుతుండగా గడప ముందు ఇద్దరు తల్లులు పద్మాల ముగ్గు తీరుస్తున్నారు. సాయంత్రానికి వేలమంది పాదాల కింద అది చెరిగిపోతుంది. ఆ సంగతి వారికి తెలుసు. రేపు తెల్లవారకముందే మళ్లీ వేస్తారు. చెరిగిపోవడానికే వేసే చిత్రమది. అదే గడప దాటి లోపలికి వస్తే మరొక చిత్రకారుడు ఉన్నాడు. అతడు పది తరాలు నిలవాలని వేశాడు. దానిని చెరిపినది కాలం కొంత, మనం కొంత. ఆ చిత్రకారుని గురించి నాలుగు మాటలు మనవి చేయడానికి ఇక్కడ నిలబడ్డాను.

జీర్ణోద్ధరణ పనులలో ముఖమండపం కప్పుకు పట్టిన పాత సున్నం గీకుతుండగా ఒక మూల జేగురు రంగు గీత బయటపడిన సంగతి మీకందరికీ తెలిసినదే. ఆ తాపీ మేస్త్రి చేయి ఆపి పెద్దలను పిలిచాడు. ఈ ఉత్సవాలలో సన్మానాలు అనేకం జరుగుతున్నవి. నా దృష్టిలో మొదటి శాలువా ఆ మేస్త్రికే చెందవలెను. ఇప్పుడక్కడ ఒక ఏనుగు తొండం, ఒక చీర అంచు, సగం ముఖం కనబడుతున్నవి. "అసంపూర్ణంగా ఉన్నది కదా, పైన కొత్త రంగులు వేయిద్దామా?" అని కమిటీ పెద్దలు నన్ను అడిగారు. వారి ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగం.

మా స్వగ్రామంలోని ఆలయంలో, నా బాల్యంలో, కల్యాణమండపం గోడమీద సీతాకల్యాణ చిత్రం ఉండేది. మా నాయనమ్మ నన్ను చంకనెత్తుకొని ఆ గోడ చూపించే రామాయణం చెప్పింది. ఒక ఉత్సవానికి ముందు, భక్తితోనే, ఆ గోడకు నిగనిగలాడే ఎనామిల్ రంగు పూయించారు. ఎవరిదీ దురుద్దేశం కాదు. గోడ శుభ్రమైనది, రామాయణం పోయినది. ఆ తరువాత మా నాయనమ్మ ఆ గోడ వైపు కూర్చోవడం మానివేసింది.

ఇక లేపాక్షికి వెళదాము. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్ది పూర్వార్ధంలో, విరుపణ్ణ అనే అధికారి వీరభద్రాలయాన్ని విస్తరింపజేశాడు. మండపాల కప్పులలో దూలాల మధ్య నుండే పొడుగాటి పట్టీలనే చిత్రకారులు కథాఫలకాలుగా మలచుకున్నారు. పార్వతీకల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, మనునీతి చోళుని కథ – తల పైకెత్తి నడుస్తుంటే కథ కూడా మనతో నడుస్తుంది. అర్ధమండపం కప్పున మహోన్నతుడైన వీరభద్రుడు; ఆయన పాదాల చెంత అంజలి ఘటించిన విరుపణ్ణ సోదరులు. స్త్రీల చీరల అంచులు, పురుషుల పొడవాటి కుళ్లాయిలు చూస్తే ఆనాటి సమాజమే కళ్లముందు నిలుస్తుంది. 2022లో ఈ ఆలయం, అక్కడి ఏకశిలా నంది యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కినవి.

విరుపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసిరాడని స్థలకథ. ఆ గోడమీది ఎర్రని మరకలను నేటికీ చూపుతారు. పోషకుని పేరు శాసనంలో ఉన్నది, కథలో ఉన్నది, చిత్రంలోనూ ఉన్నది. వీరభద్రుని కన్నులు తీర్చిన వాని పేరు మాత్రం మనకు దక్కలేదు.

పేరు దక్కని ఆ మనిషి పని ఎట్టిదో ఊహించండి. రాతికి రంగు పట్టదు. కనుక ముందు సున్నం, ఇసుక కలిపిన గచ్చు మెత్తవలెను. దానిపై సన్నని సున్నపు పూత పూసి నునుపు చేయవలెను. తడి ఆరకముందే వేసిన రంగు, సున్నం గాలి పీల్చి గట్టిపడేటప్పుడు దానిలోనే బంధింపబడుతుంది. ఆరిన గోడమీద వేయదలిస్తే రంగులో బంక కలపవలెను. రంగులన్నీ మన కాళ్ల కింద, ఇళ్లలో దొరికేవే: తెలుపుకు సున్నం, నలుపుకు దీపపు మసి, ఎరుపుకు జేగురు, పసుపుకు పచ్చమన్ను. సారవ కట్టి, మెడ వెనుకకు వంచి, ముఖంమీద రంగు చుక్కలు రాలుతుండగా ముందు రేఖ, తరువాత వర్ణం, చివర నేత్రాలు. కన్ను తెరిచేవరకు అది చిత్రం మాత్రమే. తెరిచిన తరువాత అది మనలను చూస్తుంది. ప్రతిష్ఠలో నేత్రోన్మీలనం జరిపే మనకు ఈ క్రమం కొత్తగా చెప్పనక్కరలేదు. విష్ణుధర్మోత్తర పురాణంలో మార్కండేయ మహర్షి వజ్రమహారాజుకు ప్రతిమాలక్షణం తెలియవలెనన్న ముందు చిత్రం తెలియవలెనని బోధించాడు. విగ్రహానికి చిత్రం తోబుట్టువని ఋషి వాక్కు.

ఈ కళ గుడిలోనే ఆగలేదు, వీధిలోకీ నడిచినది. చేర్యాల నకాషీలు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక పట్టించి, ఎర్రని నేలపై పురాణగాథలు లిఖించారు. కాకిపడగలవారు, కూనపులివారు, మందహెచ్చులవారు ఆ పటాలను ఊరూరా విప్పి రాత్రంతా కథ చెప్పేవారు. గుడి దాకా రాలేని వారి వాడకు చిత్రమే చుట్టగా చుట్టుకొని వెళ్లినది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. పాతదానిపై కొత్తది వేయవచ్చునా? తంజావూరు బృహదీశ్వరాలయంలో అదే జరిగినది. గర్భగృహం చుట్టూ ఉన్న చీకటి ప్రదక్షిణమార్గంలో చోళుల చిత్రాలపై నాయకరాజుల కాలంలో మరొక పొర వేశారు. 1931లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.కె. గోవిందస్వామి, పైపొర రాలినచోట అడుగున రాజరాజ చోళుని నాటి రేఖలను గుర్తించేవరకు లోకానికి వాటి ఉనికే తెలియదు. తరువాత పురావస్తుశాఖవారు పైపొరను జాగ్రత్తగా ఊడదీసి, దానిని కూడా పదిలపరిచారు. అది మహాసంస్థకు సాధ్యమైన పని. మన ముఖమండపానికి ఆ భాగ్యం రెండవసారి దక్కుతుందని నమ్మకం లేదు.

అట్లని కొత్త చిత్రమే వద్దని నేననడం లేదు. 1970 నవంబరు 30న గురువాయూరు ఆలయంలో అగ్నిప్రమాదం సంభవించి శ్రీకోవెల గోడలమీది చిత్రాలు నశించినవి. మమ్మియూర్ కృష్ణన్‌కుట్టి నాయర్ నాయకత్వంలో చిత్రకారులు సంప్రదాయ పంచవర్ణాలతో వాటిని తిరిగి రచించారు. అంతటితో ఆగక 1989లో దేవస్వంవారు కుడ్యచిత్రకళాశాల నెలకొల్పారు. కాలిపోయిన గోడ పాఠశాలకు పునాది అయినది. జీర్ణోద్ధరణ అంటే అదే కదా!

కనుక నా విన్నపాలు మూడు. మొదటిది: బయటపడిన చిత్రాన్ని ఉన్నది ఉన్నట్లే ఉంచండి. ఆమ్లం, సబ్బునీరు, తడిగుడ్డ తగలనీయకండి. మిగిలిన సున్నాన్ని పురావస్తుశాఖ నిపుణులు వచ్చి తీసేవరకు ఆగండి. రెండవది: కప్పుపై వాననీరు దిగకుండా ముందు చూడండి, ఆ మూలనున్న అఖండదీపాన్ని అర్చకస్వాముల అనుమతితో నాలుగడుగులు జరపండి. చిత్రానికి తొలి శత్రువు తేమ. మలి శత్రువు మన దీపపు పొగ. మూడవది: కొత్తగా కట్టిన ప్రాకారం గోడ ఖాళీగా ఉన్నది. అచ్చు ఫ్లెక్సీలు కట్టక, కుంచె పట్టిన మన బిడ్డలను పిలిచి దానిమీద ఈ క్షేత్ర మాహాత్మ్యం వ్రాయించండి. ఈసారి గోడ చివర వారి పేర్లు కూడా వ్రాయించండి.

పైన కప్పులో సగం ముఖమే మిగిలినదని చింతించకండి. ఈ ఉదయం నేను ఆ మూల నిలబడి చూశాను. మిగిలిన ఆ సగంలో కన్ను ఉన్నది. అది తెరిచే ఉన్నది.

అందరికీ శుభమగుగాక. స్వస్తి.