భారతమున నామసామ్యము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పటాన్‌చెరువు కార్ఖానాలలో ఒకే పేరుగలవారు ఇద్దరున్నచో హాజరుపట్టీలో తండ్రిపేరో, ఇంటిపేరో చేర్చి వ్రాయవలసి వచ్చును. లేకున్న ఒకని కూలి మరియొకనికి ముట్టును. భారతము చదువునప్పుడు మన కా జాగ్రత్త లేదు.

చిత్రాంగదుని సంగతి చూడుడు. సత్యవతీ శంతనుల పెద్దకొడుకు, విచిత్రవీర్యుని అన్న. తండ్రి గతించిన పిమ్మట భీష్ముడు వానిని రాజును చేసెను. అదే పేరుగల గంధర్వరాజు వానిపై దండెత్తెను. కురుక్షేత్రమున మూడేండ్లు పోరు సాగి శంతనుపుత్రుడు కూలెను. వారి నడుమ భూమి తగవు లేదు, ఆలమందల తగవు లేదు. పేరు మార్చుకొనుము, లేదా యుద్ధమునకు రమ్మని గంధర్వుడు పిలిచినట్లు కొన్ని పాఠములలో నున్నది. సంతానమైన లేని యువకుడు పేరు కొరకు ప్రాణమిచ్చెను. ఆ పేరైనను వానికి దక్కెనా? నేడు చిత్రాంగద యన్నచో అర్జునుని భార్య, బభ్రువాహనుని తల్లి మనకు తోచును. శాంతిపర్వమున కళింగరాజగు చిత్రాంగదుడు ఇంకొకడు. దుర్యోధనుడు స్వయంవరమునుండి ఎత్తుకొనిపోయినది వాని కూతురినే.

ఈ చిక్కు మనకే కాదు. గ్రీకుల ఇలియడ్ కావ్యమున అద్రాస్తుడను ట్రాయి వీరుడు ఆరవ సర్గలో అగమెమ్నాను చేత చచ్చును. పదునారవ సర్గలో పత్రోక్లసు చేత మరల అద్రాస్తుడు చచ్చును. చచ్చినవాడు లేచి రాలేదు, వాడు వేరు.

పొన్నికంటి తెలగనార్యుడు 16వ శతాబ్దమున మన పటాన్‌చెరువు అమీన్‌ఖానునకు అంకితమిచ్చిన అచ్చతెలుగు కావ్యము యయాతిచరిత్రము. ఆ యయాతి కొడుకు యదువు. హరివంశమున ఇక్ష్వాకు కులజుడగు హర్యశ్వుని కొడుకును యదువే.

నాకు మిక్కిలి జాలి కలిగించువాడు మగధ సహదేవుడు. తండ్రి జరాసంధుని చంపినవాడు భీముడు. అయినను కొడుకు పాండవపక్షమునకే వచ్చెను. ఉద్యోగపర్వమున, సేనాపతిగా ఎవరిని నిలుపుదమని ధర్మరాజు అడుగగా మొదట పలికినవాడు మాద్రి కొడుకు సహదేవుడు. పిమ్మట ఏర్పరచిన ఏడుగురు సేనానాయకులలో ఒకడు మగధ సహదేవుడు. ఒకే పర్వమున ఇద్దరును ఉన్నందున వినువారు ఇద్దరిని ఒక్కనిగా కలిపివేయుదురు. మగధరాజు ఆ యుద్ధముననే హతుడయ్యెను. వాని కొడుకు సోమాధి గిరివ్రజమున రాజయ్యెనని మత్స్యపురాణము చెప్పుచున్నది. ఆ సోమాధి తండ్రి సహదేవుడన్నంతనే, నకులుని తమ్ముడు గదా యని నేటికిని సభలలో ఎవరో ఒకరు నన్నడుగుచునే యున్నారు.