రోజుకు పది మాటలు, ఒక డిక్టేషన్
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడే వక్తలు చాలామంది ఉన్నారు కనుక, నేను పిల్లల ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. పుస్తకం చేతికి వచ్చింది గాని, ఇంటికి వెళ్తే నోటుబుక్కు దిద్దేవారు లేని పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ పని మనం చేయగలం. సర్వీసంతా డ్రాఫ్టులు రాసి, ఫెయిర్ కాపీలు సరిచూసిన వాళ్లం కదా!

మొదట స్పెల్లింగు సంగతి. తెలుగులో పలికినట్లే రాస్తాం. పిల్లవాడు ఇంగ్లీషు కూడా అలాగే రాయబోతాడు. అది మొద్దుతనం కాదు, మాతృభాష అలవాటు. మనమంతా 'గవర్మెంటు' అంటాం కనుక వాడు మధ్యలోని 'ఎన్' వదిలేస్తాడు. 'గవర్న్' అంటే పాలించుట, దానికి 'మెంట్' చేరింది అని విడదీసి చూపిస్తే ఆ 'ఎన్' గుర్తుంటుంది. 'సెక్రటరీ'లో 'సీక్రెట్' అనే మాట పూర్తిగా ఉందని చూపించండి.

వాడి పాఠంలోంచే రోజుకు పది మాటలు తీసి డిక్టేషన్ చెప్పండి. తప్పిన మాటను యాభైసార్లు ఇంపొజిషన్ రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, మాట రాదు. ఒకసారి చూసి, పుస్తకం మూసి రాయమనండి. దానితో ఒక సొంత వాక్యం రాయించండి. మర్నాడు ఒకసారి, వారం తరువాత మరొకసారి అడగండి.

ఇక వ్యాకరణం. దీనికి తెలుగే మంచి సాయం. రాముడు వస్తాడు, సీత వస్తుంది, వాళ్లు వస్తారు అని మన క్రియ మారుతుంది. అలాగే వర్తమానంలో 'హి', 'షి', 'ఇట్' తరువాత క్రియకు 'ఎస్' చేరుతుందంటే వెంటనే బోధపడుతుంది. 'ఐ డిడ్ నాట్ వెంట్' అని రాస్తే, గతకాలం 'డిడ్'లోనే ఉంది, మళ్లీ 'వెంట్' ఎందుకు, 'గో' చాలు అని చెప్పండి. 'ఎ', 'యాన్' తేడాకు మన అచ్చులు, హల్లులు చాలు. గంట అనే అర్థంలో 'అవర్' రాతలో 'హెచ్'తో మొదలైనా, పలికేది అచ్చు, కనుక 'యాన్'. 'యూనివర్సిటీ'లో మొదట 'యు' ఉన్నా, వినపడేది 'య' అనే హల్లు, కనుక 'ఎ'. కంటితో కాక చెవితో తేల్చుకోవాలి.

విరామ చిహ్నాలలో పిల్లలు ఎక్కువ నష్టపోతారు. తెలుగులో 'లేచి, తిని, వెళ్లి' అని వాక్యం సాగదీయవచ్చు. అదే ధోరణిలో ఇంగ్లీషులో 'అండ్', 'అండ్' అంటూ పేజీ నింపుతారు. పెద్దబడి అక్షరాలు తెలుగులో లేవు కనుక అవీ మరిచిపోతారు. చుక్కలు, కామాలు తీసేసి అయిదు వాక్యాలు రాసివ్వండి. గట్టిగా చదివించండి. అర్థం పూర్తయిన చోట ఫుల్‌స్టాప్, తరువాత పెద్ద అక్షరం వాడిచేతనే పెట్టించండి. 'ఇట్స్' వచ్చినప్పుడు 'ఇట్ ఈజ్' అనో 'ఇట్ హ్యాజ్' అనో విప్పి చదివితే అర్థం కుదరాలి. అప్పుడే అపాస్ట్రఫీ.

సెల్‌ఫోన్ తప్పులు దిద్దుతుంది కదా అంటారు. పరీక్ష హాలులో కలం దిద్దదు.

ఒక్క మనవి. ఎర్ర సిరాతో పేజీ అంతా నింపకండి. తప్పు కింద పెన్సిల్ గీత గీసి, నిఘంటువు చేతికివ్వండి. తన తప్పు తాను పట్టుకున్న పిల్లవాడికి ధైర్యం వస్తుంది.

మన మనుమలతో పాటు, ఇంటి పనికి వచ్చే ఆమె బిడ్డనో, వాచ్‌మన్ కొడుకునో కూడా సాయంత్రం అరగంట కూర్చోబెట్టుకోండి. సభ్యులు తలా ఇద్దరిని చూసుకున్నా మన సంఘం చేసిన మంచిపని అవుతుంది.