తుపాకి – హక్కా, అనుమతా?
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



"దొంగల భయం, అడవి పందుల బెడద ఉన్న రోజుల్లో ప్రతి ఇంటా తుపాకి ఉంచుకునే హక్కు ఎందుకు లేదు?" అని మన యువకులు అడుగుచున్నారు. అమెరికాలో 1791 నుండి రాజ్యాంగ సవరణ ద్వారా ఆ హక్కు కలదు. మరి మనకో?

ఒకప్పుడు ఈ ప్రశ్న న్యాయమైనదే. 1878లో లిట్టన్ ప్రభువు ఆయుధాల చట్టం తెచ్చినాడు. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదు. దొరలకు మాత్రం మినహాయింపు! అది మనపై అపనమ్మకంతో చేసిన చట్టం. మన కోరుకొండ మీదుగా గోకవరం దాటి పోతే వచ్చే రంప మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు ఎత్తుకుపోయినాడంటే, అవి పరాయి ప్రభుత్వం చేతిలో ఉన్నందుననే. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో ఆయుధాలు ఉంచుకునే హక్కును కూడా చేర్చినారు.

కాని స్వరాజ్యం వచ్చిన తరువాత? 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ గారు ఆ హక్కును చేర్చమని సవరణ తెచ్చినారు. అంబేద్కర్ గారు ఒప్పుకొనలేదు. సభ కూడా ఒప్పుకొనలేదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కునే 19వ అధికరణం మనకిచ్చింది. 1959 చట్టం దొర, దేశీయుడు అనే భేదం లేకుండా అందరికీ లైసెన్సు పెట్టింది. 2019 సవరణతో సామాన్యంగా ఒకరికి రెండు తుపాకులే పరిమితి. పెళ్ళిళ్ళలో సరదాకి పేల్చి ఎదుటివారి ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళ వరకు జైలు పడవచ్చును. ప్రాణరక్షణ హక్కు మాత్రం చట్టంలో ఉన్నది. దానికి తుపాకి లైసెన్సు అక్కరలేదు.

ఇక మా ఇంటి సంగతి. సిగ్గు విడిచి చెప్పుకుంటున్నాము. మా తండ్రిగారి పేరిట లైసెన్సు ఉన్న పాత తుపాకి ఒకటి ఉండేది. ఆయన పోయినారు. నలభై రోజుల ఫాతిహా అయింది, ఏడాది తిరిగింది. అటక మీది తుపాకి సంగతి ఎవరికీ తట్టలేదు. ఒకనాడు సామాను దింపుతుంటే మా పెద్ద మనుమడు దాన్ని తమ్ముడి వైపు గురిపెట్టి "ఠాం!" అన్నాడు. అందులో మందు లేదు. అల్లా దయ! పరాచికానికైనా తోటివాని వైపు ఆయుధం చూపరాదని ప్రవక్త (స) వారు ఎందుకు హెచ్చరించినారో ఆ క్షణాన మాకు అర్థమయింది. ఆ సాయంత్రమే ఠాణాకు పోయి అప్పగించినాము.

లైసెన్సు ఉన్న మనిషితోనే అనుమతి పోతుంది. పొలం వలె, ఇల్లు వలె తుపాకి వారసులకు తనంతట రాదు. ఆలస్యం చేయక దగ్గరి ఠాణాలోగాని, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి వద్దగాని అప్పగించవలెను. కావాలంటే తరువాత తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చును. లేకుంటే అది జ్ఞాపకం కాదు, నేరం.

ఇంటిని కాపాడేది గోడకున్న తుపాకి కాదు. పిలిస్తే పలికే పొరుగువాడు. ఈ కోరుకొండలో ఆ పొరుగు మనకు కులమతాలకు అతీతంగా ఉన్నది. దాన్ని నిలుపుకుందాము. ఈ రాత్రి ఇంటికి పోగానే మీ అటక ఒకసారి చూడమని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.