రెండు ఓలు, మూడు పలుకులు

మూడు ఇంగ్లీషు మాటలు చెబుతాను, వినండి. బ్లడ్ అంటే రక్తం. గుడ్ అంటే మంచి. ఫూడ్ అంటే తిండి. మనం ఫుడ్ అని పొట్టిగా అనేస్తాం గానీ, అసలు పలుకులో దీర్ఘం ఉంది. మూడింటి చివరా అవే అక్షరాలు: రెండు ఓలు, ఒక డి. అయినా వాటికి ప్రాస కలవదు! బ్లడ్‌కు జోడీ మడ్, అంటే బురద. గుడ్‌కు జోడీ వుడ్, అంటే కలప. ఫూడ్‌కు జోడీ మూడ్, అంటే మనసు తీరు.

ఎందుకిలా? విలియం కాక్స్టన్ అనే ముద్రాపకుడు 1476లో ఇంగ్లండులోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాడు. అచ్చు పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగు మెల్లగా స్థిరపడింది. జనం నోట పలుకు మాత్రం మారుతూనే పోయింది. రాత ఆగింది, పలుకు ఆగలేదు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. బెయర్ అంటే ఎలుగుబంటి, హెయర్ అంటే జుట్టు, కెయర్ అంటే శ్రద్ధ. స్పెల్లింగులు మూడు రకాలు, ప్రాస ఒక్కటే.

మన పద్యంలో ప్రాస రెండో అక్షరానిది. ఇంగ్లీషులో మాట చివరిది, అదీ చెవికి వినిపించేది. అందుకే పిల్లలకు ఇంగ్లీషు ప్రాస నేర్పేటప్పుడు ముందు పుస్తకం మూయించండి. మాటలు పైకి పలికించండి. జోడీ కుదిరాకే స్పెల్లింగు రాయించండి.